సైక్లింగ్, కొండ నడకల యాప్‌లలో ఎత్తు లెక్కలు: తిరుపతి పరిసరాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి చుట్టూ సైకిల్ తొక్కేవారు, కొండ దారుల్లో నడిచేవారు పెరిగేకొద్దీ నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎత్తు గురించే ఉంటున్నాయి. దూరం విషయంలో అన్ని యాప్‌లూ దాదాపు ఒకే మాట చెబుతాయి. ఎత్తు దగ్గరకు వచ్చేసరికి ఎవరి లెక్క వారిదే. ఆ అంకెను చూసి ధైర్యంగా బయలుదేరిన కొత్తవారు మండుటెండలో ఘాట్ మధ్యలో నీళ్లయిపోయి నిలబడకూడదని ఈ జవాబులన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## యాప్‌ను నమ్ముకునే ముందు

కొండల ఎత్తు యాప్‌కు ఎలా తెలుస్తుంది? ఎవరైనా వచ్చి కొలిచారా?

మీ దారి మీదకు ఎవరూ రాలేదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. ఎస్‌ఆర్‌టీఎం అని పిలిచే ఆ డేటానే నేటికీ చాలా యాప్‌లకు ఆధారం. కొన్ని యాప్‌లు ఐరోపా వారి కోపర్నికస్ నమూనాను వాడుతున్నాయి. అందులోని కొలతలు ప్రధానంగా 2011-15 నాటివి. మన ఇస్రో కూడా 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రాలతో ఇలాంటి నమూనానే తయారుచేసి భువన్ పోర్టల్‌లో ఉంచింది.

అన్నింటి పద్ధతీ ఒకటే. నేలను సుమారు 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాస్తారు. మీ దారిలోని ప్రతి బిందువు ఏ గడిలో పడిందో చూసి, పక్క గళ్లతో కలిపి యాప్ ఎత్తును అంచనా కడుతుంది. శేషాచలం అంచుల్లో ఒక్క గడిలోనే రోడ్డు, దాని కింద లోయ, పైన బండ మూడూ ఇమిడిపోతాయి. యాప్ చూపే వింతలకు చాలావరకు కారణం ఇదే.

ఒకే దారికి రెండు యాప్‌లు రెండు రకాల ఎక్కుడు చూపిస్తున్నాయి. ఏది నిజం?

రెండూ తమ తమ పద్ధతిలో నిజమే. మొత్తం ఎక్కుడు అంటే దారిలో పైకి వెళ్లిన ప్రతిసారీ ఎంత ఎత్తు పెరిగిందో కూడితే వచ్చే మొత్తం. ఎంత చిన్న పెరుగుదలను లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గరే తేడా వస్తుంది.

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వైపు వెళ్లే రోడ్డును తీసుకోండి. కాలికి పెద్దగా మిట్ట తగలదు. కానీ యాప్ ప్రతి 20 మీటర్లకు ఒక బిందువు తీసుకుని, డేటాలోని ఒకటి రెండు మీటర్ల ఊగిసలాటను కూడా కూడుతూ పోతే చదును రోడ్డు మీద కూడా వందల మీటర్ల ఎక్కుడు పుట్టుకొస్తుంది. అందుకే ప్రతి యాప్ ముందుగా దారి పొడవునా ఎత్తును చూపే గ్రాఫును నునుపు చేస్తుంది, ఆ తర్వాత ఒక కనీస హద్దు పెట్టుకుంటుంది. ఉదాహరణకు స్ట్రావా, బారోమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే సెన్సర్) లేని పరికరం నుంచి వచ్చిన ప్రయాణంలో కనీసం 10 మీటర్లు వరుసగా ఎక్కితేనే లెక్కలో వేస్తుంది. బారోమీటర్ ఉంటే 2 మీటర్లు చాలు. మరో యాప్ హద్దు ఇంకోలా ఉంటుంది.

కాబట్టి ఒక యాప్ అంకెను మరో యాప్ అంకెతో పోల్చి వాదించుకోవడం వృథా. ఒకే యాప్‌లో రెండు దారులను పోల్చండి. మీరు ఇప్పటికే తొక్కిన దారి ఎంత చూపించిందో, ఎంత అలసట వచ్చిందో మీకు తెలుసు. కొత్త దారిని దానితో పోల్చుకుంటే మోసపోరు.

మొత్తం ఎక్కుడు ఎంతో చూసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మొత్తం కన్నా గ్రాఫు ఆకారం ముఖ్యం. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో ఎత్తులో ఎక్కువ భాగం మొగిలి ఘాట్ దగ్గరే మీద పడుతుంది. అంతే ఎత్తు మరో దారిలో చెరువు కట్టలు, చిన్న మిట్టలుగా రోజంతా పంచుకుని ఉండవచ్చు. అంకె ఒకటే అయినా ఒళ్లు పడే శ్రమ ఒకటి కాదు. భాకరాపేట ఘాట్ కూడా అంతే: రంగంపేట దాటేదాకా తేలికగా సాగి, ఆ తర్వాత ఒక్కసారిగా పరీక్ష పెడుతుంది.

గ్రాఫులో మూడు సంగతులు చూడండి. పెద్ద ఎక్కుడు ఎన్నో కిలోమీటరులో మొదలవుతుంది, ఎంత పొడవు ఉంది, అక్కడికి మీరు చేరేసరికి ఎన్ని గంటలవుతుంది. మే నెలలో మూడోది మిగతా రెండింటినీ మించిపోతుంది.

వాలు నాలుగు శాతం, ఎనిమిది శాతం అంటే తొక్కేటప్పుడు ఎలా ఉంటుంది?

వంద మీటర్లు ముందుకు వెళ్తే నాలుగు మీటర్లు పైకి ఎక్కారంటే నాలుగు శాతం. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 680 మీటర్ల తేడా. ఘాట్ రోడ్డు పొడవు 18 కిలోమీటర్లకు అటూఇటూ. అంటే సగటు వాలు నాలుగు శాతం లోపే. రెండు మూడు శాతం వరకు మాట్లాడుకుంటూ వెళ్లవచ్చు. నాలుగైదు శాతం దగ్గర మాటలు తగ్గుతాయి. ఎనిమిది దాటితే చిన్న గేర్లు లేని సైకిల్‌కు కష్టమే.

శక్తి లెక్క కూడా చెబుతాను. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 85 కిలోలైతే 680 మీటర్లు పైకి చేర్చడానికే దాదాపు 566 కిలోజౌళ్లు కావాలి. ఎక్కడం మీదే 150 వాట్ల శక్తి నిలకడగా పెట్టగలిగినవారికి గంటకు పైనే పడుతుంది. గాలి, టైర్ల రాపిడి దీనికి అదనం.

బారోమీటర్ ఉన్న వాచీ కొనాలా, ఫోను చాలా?

దారి ఎంచుకోవడానికి ఫోను చాలు. ప్రయాణంలో ఎంత ఎక్కారో కచ్చితంగా నమోదు కావాలనుకుంటేనే బారోమీటర్ కావాలి. కొన్ని ఫోన్లలో కూడా అది ఉంటుంది. మీ మోడల్ వివరాల్లో సెన్సర్ల జాబితా చూడండి. డబ్బు పరిమితంగా ఉంటే ముందు మంచి బ్రేకులకు, టైర్లకు ఖర్చు పెట్టండి.

## దారి గీసుకునేటప్పుడు

ఘాట్ రోడ్డులో ఒకచోట 30 శాతం వాలు చూపిస్తోంది. భయపడాలా?

అక్కర్లేదు. బస్సులు తిరిగే ఘాట్ రోడ్డులో అంత వాలు ఉండదు. హెయిర్‌పిన్ మలుపుల దగ్గర రోడ్డు తన పైనుంచి తానే మళ్లీ వెళ్తుంది. కింది మడత, పై మడత మధ్య పటంలో చూస్తే 30, 40 మీటర్ల దూరమే ఉంటుంది. అంటే ఒకటి రెండు గళ్లు. యాప్ కింది రోడ్డు బిందువుకు పై రోడ్డు ఎత్తును కలిపేస్తుంది. కొండ అంచున గీసిన గీత పది మీటర్లు పక్కకు జరిగినా లోయ ఎత్తో, శిఖరం ఎత్తో లెక్కలోకి వచ్చేస్తుంది. గ్రాఫులో అది సూదిలా పైకి లేచి వెంటనే కిందకు పడుతుంది.

నిజమైన ఎక్కుడు అలా ఉండదు. గ్రాఫు మీద వేలు పెట్టి జరుపుతూ కనీసం అర కిలోమీటరు పొడవునా సగటు ఎంతో చూడండి. వాలు నిజంగా ఎక్కువైతే ఆ సగటులో కూడా కనిపిస్తుంది. యాభై మీటర్లలో వచ్చి పోయే అంకెను వదిలేయండి.

శ్రీనివాస సేతు మీద ఎక్కి దిగినా గ్రాఫులో చదునుగానే ఉంటోంది, ఎందుకు?

ఎత్తు డేటా ఆ వంతెన కన్నా పాతది. శ్రీనివాస సేతు 2023లో పూర్తయింది. ఉపగ్రహాలు కొలిచినప్పుడు అక్కడ కింది రోడ్డే ఉంది. కొత్త వంతెనలు, కొండను తవ్వి వేసిన జాతీయ రహదారి విస్తరణలు అన్నింటికీ ఇదే సమస్య. తవ్విన చోట రోడ్డు చదునుగా ఉన్నా, యాప్ పాత గుట్టను ఎక్కించి దించుతుంది.

అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు దారుల ఎత్తు సరిగ్గా చూపిస్తుందా?

మొదలు, చివర ఎత్తుల తేడా బాగానే వస్తుంది. మధ్యలో తప్పుతుంది. చెట్లు దట్టంగా ఉన్నచోట రాడార్ కొలిచింది నేలను కాదు, చాలావరకు కొమ్మల ఎత్తును. మెట్ల దారి పైకప్పు, గోపురాలు కూడా కొంత కలుస్తాయి.

సరిచూసుకోవడానికి మన దగ్గర ఒక మంచి సాధనం ఉంది: మెట్ల లెక్క. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయంటారు. ఒక్కో మెట్టు 15 నుంచి 20 సెంటీమీటర్లు అనుకుంటే మెట్ల మీదే 530 నుంచి 710 మీటర్లు ఎక్కినట్టు. మీ యాప్ ఈ పరిధికి దగ్గరగా ఉంటే నమ్మవచ్చు. 1,100 అని చూపిస్తే అది ఊగిసలాటను కూడుతోంది. శ్రీవారి మెట్టుకు 2,388 మెట్లు, దూరం 2.1 కిలోమీటర్లు. అక్కడ చదును భాగం చాలా తక్కువ, అందుకే మోకాళ్ల నొప్పులున్నవారు మెట్లు తక్కువని ఆ దారి ఎంచుకోవడం నాకు నచ్చదు. అలిపిరి దారిలో గాలి గోపురం దాకా నిలువుగా ఎక్కినా ఆ తర్వాత కాళ్లకు ఊరట దొరుకుతుంది. మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే గట్టి మెట్లు. గ్రాఫులో ఈ మూడు భాగాలూ స్పష్టంగా కనబడతాయి.

సైకిల్‌కు దారి అడిగితే మెట్ల మీదుగా ఇస్తోంది. ఎక్కుడు తక్కువ ఉన్న దారి ఇవ్వమని ఎలా చెప్పాలి?

ముందుగా ప్రయాణ విధానంలో నడక కాకుండా సైకిల్ ఎంచుకున్నారో లేదో చూడండి. ఆ తర్వాత కూడా మెట్ల దారి వస్తే, పటంలో ఎవరో దాన్ని మామూలు బాటగా గుర్తించారని అర్థం. బీరూటర్, ఓస్మాండ్ వంటి దారి చూపే యాప్‌లలో ఎక్కుళ్లను ఎంతవరకు తప్పించాలో నిర్ణయించే అమరిక ఉంటుంది. దాన్ని పెంచితే దూరం పెరిగినా చదును దారి వస్తుంది.

తిరుమల ఘాట్లలో మాత్రం యాప్ ఇష్టం చెల్లదు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. ఎత్తు గ్రాఫు బాగుందని ఎదురు దిశలో వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. ఘాట్ మీదకు సైకిల్‌ను అనుమతిస్తారా, ఏ వేళల్లో అన్నది అలిపిరి తనిఖీ కేంద్రంలో ముందే అడగండి.

నడకకు ఎంత సమయం పడుతుందో ఎత్తును బట్టి లెక్కించవచ్చా?

1892లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం నేటికీ చాలా యాప్‌ల లెక్కకు మూలం. ఐదు కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. అలిపిరి దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, ఎక్కుడు 650 మీటర్లు అనుకుంటే మూడు గంటలకు కాస్త తక్కువ. శ్రీవారి మెట్టుకు 500 మీటర్లు అనుకుంటే గంటా పావు.

ఇది చల్లని దేశంలో, అలవాటున్న మనిషి ఆగకుండా నడిచే లెక్క. మన ఉక్కపోతలో, చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు దానికి సగం కలుపుకోండి. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే మొక్కు ఉన్నవారికి ఏ సూత్రమూ పనికిరాదు.

పటంలో గోధుమ రంగు గీతలు ఏమిటి?

ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, వీటినే కాంటూరు గీతలు అంటారు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాల్లో సాధారణంగా రెండు గీతల మధ్య 20 మీటర్ల తేడా ఉంటుంది. గీతలు దగ్గరగా ఉంటే నిలువు, దూరంగా ఉంటే చదును. మీ దారి గీతలను అడ్డంగా దాటుతుంటే ఎక్కుతున్నట్టు, వాటి వెంబడే సాగుతుంటే కొండ నడుము చుట్టి వెళ్తున్నట్టు. చేతిలో గ్రాఫు లేనప్పుడు కూడా ఇది ఉపయోగపడుతుంది.

శేషాచలం అడవి లోపలి తీర్థాలకు యాప్ చక్కటి దారి గీసి ఇస్తోంది. వెళ్లవచ్చా?

అనుమతి లేకుండా వెళ్లకూడదు. పటంలో గీత ఉన్నంత మాత్రాన ప్రవేశం ఉన్నట్టు కాదు. అక్కడ 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా గుర్తింపు పొందింది. ఎర్రచందనం దొంగల కోసం అటవీ సిబ్బంది నిరంతరం గాలించే అడవి అది. తుంబురు తీర్థం వంటి చోట్లకు ముక్కోటి రోజుల్లో మాత్రమే భక్తులను పంపుతారు. 2023లో నడకదారిలో చిరుత దాడులు జరిగాక వేళల మీద, పిల్లలను తీసుకెళ్లడం మీద ఆంక్షలు కూడా వచ్చాయి.

ఎవరో పంపిన ట్రాక్ ఫైలు పట్టుకుని లోయలోకి దిగేవారికి మరో మాట. ముప్ఫై మీటర్ల గడిలో పది మీటర్ల నిలువు బండ కనిపించదు. గ్రాఫులో నునుపైన దిగుడుగా ఉన్నచోట నేల మీద జలపాతం అంచు ఉండవచ్చు.

## దారి మీద

తిరుపతిలో నిలబడితే ఫోను 75 మీటర్లు అంటోంది. మన ఊరు 160 మీటర్ల ఎత్తులో కదా?

ఫోను పాడవలేదు. జీపీఎస్ ఎత్తును సముద్ర మట్టం నుంచి కాకుండా, భూమి ఆకారానికి గణితంతో గీసిన ఒక నునుపైన ఉపరితలం నుంచి కొలుస్తుంది. అసలు సముద్ర మట్టం గురుత్వాకర్షణను బట్టి ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి కుంగి ఉంటుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా కుంగిన చోటు శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ తేడా సుమారు 106 మీటర్లు. ఆ కుంగుబాటు ప్రభావం మన దాకా ఉంది. తిరుపతి దగ్గర కూడా తేడా 80 మీటర్లకు పైనే.

అనేక యాప్‌లు ఈ తేడాను తామే సరిచేసి సముద్ర మట్టం లెక్క చూపిస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్ని యాప్‌లు సరిచేయకుండా ఉన్నదున్నట్టు చూపిస్తాయి. అమరికల్లో సముద్ర మట్టం అనే ఎంపిక ఉంటే ఎంచుకోండి. ఎక్కుడు లెక్కకు మాత్రం ఈ తేడాతో పని లేదు, కింద తగ్గినంతే పైన కూడా తగ్గుతుంది.

కదలకుండా కూర్చున్నా వాచీలో ఎత్తు మారుతోంది. చెడిపోయిందా?

బారోమీటర్ కొలిచేది గాలి ఒత్తిడిని. పైకి వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది కాబట్టి, ఒక హెక్టాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కినట్టు లెక్క వేస్తుంది. మన వంటి ఉష్ణమండల ప్రాంతాల్లో ఒత్తిడి రోజుకు రెండుసార్లు తనంతట తానే పెరిగి తగ్గుతుంది. ఉదయం పదింటి ప్రాంతంలో గరిష్ఠం, సాయంత్రం నాలుగింటికి కనిష్ఠం. ఆ తేడా మూడు నాలుగు హెక్టాపాస్కళ్లు ఉండడం మామూలే. అంటే మధ్యాహ్నమంతా చెట్టు కింద కూర్చున్నా వాచీ మిమ్మల్ని 30 మీటర్ల దాకా ఎక్కించగలదు. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఇంకా ఎక్కువ. చెమట, వాననీరు సెన్సర్ రంధ్రాన్ని మూసినా అంకెలు గంతులేస్తాయి. మంచినీటితో కడిగి ఆరనివ్వండి.

వాచీని సరిచేయడానికి అసలు ఎత్తు ఎక్కడ తెలుస్తుంది?

రైల్వే స్టేషన్‌లో. ప్లాట్‌ఫారం చివర ఉండే పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. చంద్రగిరి, పాకాల, రేణిగుంట, చిత్తూరు, ఎక్కడ బయలుదేరినా ఆ అంకెను వాచీలో నమోదు చేసుకోండి. బోర్డు అంకె రైలు పట్టాల దగ్గరి నేలకు సంబంధించింది కాబట్టి పక్కనే నిలబడి చేయాలి. బయలుదేరే ముందు చేస్తేనే ఫలితం. ఒత్తిడి మారాక మధ్యాహ్నం అదే అమరిక పనికిరాదు.

సిగ్నల్ లేనిచోట ఎత్తు గ్రాఫు కనిపిస్తుందా?

జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అవసరం లేదు, పటానికి ఉంది. ఇంట్లో ఉండగానే పటంతో పాటు ఎత్తు డేటాను కూడా దించుకోండి. ఓస్మాండ్‌లో కాంటూరు గీతలు విడి ఫైలుగా ఉంటాయి, చాలామంది దాన్ని మరచిపోతారు. ఫోనును విమానం మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూస్తే ఏది దిగిందో తెలిసిపోతుంది.

దిగేటప్పుడు కూడా గ్రాఫు చూడాలా?

తప్పకుండా. పొడవైన దిగుడు ఎక్కడ ముగుస్తుందో, మధ్యలో చదును ఎక్కడ ఉందో తెలిస్తే బ్రేకులు చల్లార్చుకోవడానికి అక్కడ ఆగవచ్చు. ఎడతెరిపి లేకుండా నొక్కి పట్టుకుంటే రిమ్ము కాలి ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. గట్టిగా నొక్కి వదులుతూ దిగండి. హార్స్‌లీ కొండల నుంచి దిగేవారికి ఇది మరీ ముఖ్యం.

## తిరిగి వచ్చాక

ఇంటి నుంచి బయలుదేరి ఇంటికే వచ్చాను. ఎక్కుడు, దిగుడు సమానంగా లేవెందుకు?

మీరు వెళ్లినప్పటికీ వచ్చినప్పటికీ మధ్య గాలి ఒత్తిడి మారింది. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వస్తే వాచీ మీ ఇంటిని 20, 30 మీటర్లు పైకి జరిపి ఉంటుంది. అంతకు మించి తేడా వస్తేనే సెన్సర్‌ను అనుమానించండి.

ఎత్తును సరిదిద్దమంటారా అని యాప్ అడుగుతోంది. నొక్కాలా?

బారోమీటర్ లేని ఫోనుతో నమోదు చేస్తే నొక్కండి. జీపీఎస్ ఎత్తు కన్నా పటం ఎత్తు నయం. బారోమీటర్ ఉంటే నొక్కకండి, ముఖ్యంగా ఘాట్ రోడ్లలో. ఉన్న మంచి కొలతను తీసేసి గళ్ల అంచనా పెట్టుకున్నట్టవుతుంది. వాన పడి అంకెలు చెదిరిపోయిన రోజుకు మాత్రం మినహాయింపు.

మిత్రుడు పంపిన జీపీఎక్స్ ఫైలులో ఎత్తు లేదు. ఏం చేయాలి?

ఆ ఫైలులో ప్రతి బిందువుకూ అక్షాంశం, రేఖాంశంతో పాటు ఎత్తుకు ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా వచ్చింది. ఏదైనా దారి గీసే యాప్‌లోకి ఎక్కించి మళ్లీ దించుకుంటే చాలావరకు నిండిపోతుంది.

యాప్‌లో మన దారి తప్పుగా ఉంటే నేను సరిచేయవచ్చా?

ఎత్తు డేటాను మార్చలేరు. దారిని మార్చవచ్చు, దానివల్ల ఎత్తు కూడా బాగుపడుతుంది. చాలా సైక్లింగ్ యాప్‌లకు పటం ఇచ్చేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో ఖాతా తెరిచి ఎవరైనా దిద్దవచ్చు. ఘాట్ మలుపును ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా రోడ్డు మధ్యలోకి జరిపితే గ్రాఫులోని సూదులు సగం పోతాయి. మామూలు బాటగా ఉన్నదాన్ని మెట్లుగా గుర్తిస్తే ఆ తర్వాత ఎవరి సైకిలూ అటు వెళ్లదు. మెట్ల సంఖ్య రాయడానికి, ఏ వైపు ఎక్కుడో చెప్పడానికి, తాగునీటి కుళాయి ఎక్కడుందో గుర్తించడానికి కూడా అందులో వీలుంది. మన గ్రామాల మధ్య మట్టిరోడ్లు చాలావరకు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మీరు తొక్కి చూసిన వాటితోనే మొదలుపెట్టండి.